తెలుగు చారిత్రక కల్పనా సాహిత్యంలో రాజకీయ వివాహాలు

రాజకీయ వివాహం అనగా రెండు రాజవంశాలు లేదా ప్రభు కుటుంబాలు సంధి, సైనిక సహాయం, వారసత్వం, భూభాగం వంటి ప్రయోజనాల కొరకు కుదుర్చుకొన్న వివాహం. తెలుగు చారిత్రక నవల, నాటకం, చలనచిత్రం ఈ వివాహాలను కథావస్తువుగా విరివిగా వాడుకొన్నవి. వీటిలో వధూవరుల వయస్సు, వారి ఇష్టాయిష్టాలు, ఆ కాలంలో ఎవరిని "పెద్దవారు"గా పరిగణించేవారు అన్న అంశాలను రచయితలు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా పరిష్కరించారు. చరిత్రలో పదిహేనేండ్లలోపు వయస్సులో జరిగిన పెండ్లిని నేటి పాఠకునికి ఎట్లు చెప్పవలెను అన్నది ఈ రచనలన్నిటిలోను కనిపించే చిక్కు. ఈ వ్యాసం తెలుగు దేశపు రాజవంశాల ఉదాహరణలను, ముఖ్యంగా కాకతీయ, విజయనగర, కుతుబ్ షాహీ, అసఫ్ జాహీ కాలాలను, వాటిపై వచ్చిన కల్పనా రచనలను వివరిస్తుంది.

వయోభావన

"యుక్తవయస్సు" అన్న మాటకు నేడున్న అర్థం చట్టం ఇచ్చినది. 1875 నాటి భారత వయోజనత్వ చట్టం 18 ఏండ్లను హద్దుగా నిర్ణయించింది. అంతకు పూర్వం ఒకే హద్దు లేదు. పనిని బట్టి హద్దు మారేది. వివాహానికి ఒక వయస్సు, కాపురానికి మరొక వయస్సు, ఆస్తి వ్యవహారానికి ఇంకొక వయస్సు, యుద్ధానికి, సింహాసనానికి వేరొక వయస్సు ఉండేవి.

కౌటిల్యుని అర్థశాస్త్రం ప్రకారం స్త్రీ 12 ఏండ్లకు, పురుషుడు 16 ఏండ్లకు వ్యవహార యోగ్యత పొందుతారు. ధర్మశాస్త్ర గ్రంథాలు కూడా సాధారణంగా 16 ఏండ్ల వరకు బాల్యంగానే భావించాయి. ఆడపిల్లల విషయంలో గౌరి, రోహిణి, కన్య, రజస్వల అని ఎనిమిదవ ఏటి నుండి వయస్సును బట్టి పేర్లు పెట్టి, రజస్వల కాకముందే కన్యాదానం చేయవలెనని అవి విధించాయి. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో "బులూగ్" అనగా శారీరక పరిపక్వత హద్దు. హనఫీ సంప్రదాయంలో చిన్నతనంలో సంరక్షకులు చేసిన పెండ్లిని పరిపక్వత పొందిన తరువాత కొన్ని సందర్భాలలో కాదనే హక్కు కూడా కలదు.

తెలుగు సమాజంలో పెండ్లి, కార్యం, కాపురం అనేవి మూడు వేర్వేరు ఘట్టాలు. పెండ్లి చిన్నతనంలో జరిగినను, పిల్ల ఈడేరి "పెద్దమనిషి" అయిన తరువాతనే పునస్సంధానం జరిపి అత్తవారింటికి పంపేవారు. ఈ రెంటి నడుమ కొన్ని సంవత్సరాలు గడిచేవి. చరిత్ర గ్రంథాలలో ఒక రాకుమార్తె వివాహ సంవత్సరం మాత్రమే కనిపించినపుడు ఆమె సంసార జీవితం ఆనాడే మొదలైనదని భావించడం పొరపాటు. కల్పనా రచయితలు ఈ విరామాన్ని కథకు వాడుకోవచ్చును. కాని ఎక్కువమంది దానిని పట్టించుకోలేదు.

"ఆ రోజుల్లో ఆయుర్దాయం తక్కువ, కనుక పదునాలుగేండ్లకే అందరూ పెద్దవారు" అన్న వాదన కూడా తరచుగా వినిపిస్తుంది. పూర్వకాలపు సగటు ఆయుర్దాయం తక్కువగా ఉండడానికి ముఖ్య కారణం శిశు మరణాలు. బాల్యం దాటినవారిలో అనేకులు యాభై, అరవై ఏండ్లు జీవించారు. రాజవంశాలలో చిన్నతనపు పెండ్లికి కారణం తక్కువ ఆయుర్దాయం కాదు. సంధిని త్వరగా ఖాయం చేసుకోవలెనన్న అవసరమే దానికి కారణం.

చారిత్రక నేపథ్యం

వేంగి, చోళ సంబంధాలు

తూర్పు చాళుక్య విమలాదిత్యుడు రాజరాజ చోళుని కుమార్తె కుందవను వివాహమాడాడు. వారి కుమారుడు, నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుడు, రాజేంద్ర చోళుని కుమార్తె అమ్మంగదేవిని వివాహమాడాడు. ఈ దంపతుల కుమారుడు 1070లో కులోత్తుంగ చోళుడన్న పేరుతో చోళ సింహాసనాన్ని అధిష్ఠించాడు. రెండు తరాల పెండ్లిండ్లు రెండు రాజ్యాలను ఒకే వంశం క్రిందకు తెచ్చిన ఉదాహరణ ఇది. నోరి నరసింహశాస్త్రి "నారాయణభట్టు" నవలకు రాజరాజ నరేంద్రుని కాలమే నేపథ్యం.

కాకతీయులు

గణపతిదేవుడు (పాలన 1199-1262) దివిసీమను జయించిన పిమ్మట అక్కడి అయ్య వంశపు జాయపసేనాని సోదరీమణులు నారమ, పేరమలను వివాహమాడాడు. జాయప కాకతీయుల గజసాహిణి అయ్యాడు. ఓడినవారిని బంధువులుగా మార్చుకొనే ఈ పద్ధతినే గణపతిదేవుడు తన కుమార్తెల విషయంలోను పాటించాడు. గణపాంబను కోట వంశపు బేతరాజుకు, రుద్రమదేవిని నిడదవోలు చాళుక్య వీరభద్రునికి ఇచ్చాడు. భర్త మరణానంతరం గణపాంబ ధరణికోట ప్రాంతాన్ని పాలించింది. రుద్రమదేవి 1262 నుండి 1289 వరకు రాజ్యం చేసి, కుమార్తె ముమ్మడమ్మ కుమారుడైన ప్రతాపరుద్రుని దత్తత తీసుకొన్నది. ఆమె మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. వివాహ సమయానికి రుద్రమ వయస్సెంత అన్నది ఏ శాసనమూ చెప్పదు.

విజయనగరం

కృష్ణదేవరాయల కళింగ దండయాత్ర గజపతి కుమార్తెతో రాయల వివాహంతో ముగిసినది. ఆమె పేరు ఆధారాలలో తుక్కాదేవి, జగన్మోహిని, అన్నపూర్ణ అని వేర్వేరుగా ఉన్నది. సంధి పత్రంలో భాగమైన రాకుమార్తెకు ఒక నిశ్చితమైన పేరు కూడా మిగలకపోవడం గమనింపదగినది.

రాయలు తన ఆరేండ్ల కుమారుడు తిరుమలకు 1524లో పట్టం కట్టాడని, ఆ బాలుడు కొద్ది కాలానికే మరణించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాశాడు. రాయల తరువాత అచ్యుతరాయలు, ఆయన మరణానంతరం 1542లో ఆయన బాల కుమారుడు రాజులయ్యారు. ఆ బాలుని మేనమామ సలకరాజు తిరుమల రాజ్యాన్ని అపహరించాడు. అతనిని తొలగించి సదాశివరాయలను నిలిపినవాడు రాయల అల్లుడు రామరాయలు. "ఆళియ" అనగా కన్నడంలో అల్లుడు. మేనమామకు, అల్లునికి ఇద్దరికీ అధికారం పెండ్లి ద్వారానే వచ్చినది. బాల రాజు, పెండ్లి సంబంధం ద్వారా వచ్చిన సంరక్షకుడు అన్న ఈ జంట చారిత్రక కల్పనలో తరచుగా కనిపిస్తుంది.

కుతుబ్ షాహీలు, దక్కను సుల్తానులు

1565 జనవరి నాటి తళ్ళికోట యుద్ధానికి ముందు దక్కను సుల్తానులు పెండ్లిండ్లతో ఏకమయ్యారు. అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాం షా కుమార్తె చాంద్ బీబీని బీజాపూరు అలీ ఆదిల్ షాకు ఇచ్చి, షోలాపూరు కోటను కట్నంగా ఇచ్చారు. ఆదిల్ షా సోదరిని హుసేన్ కుమారుడు ముర్తజాకు చేసుకొన్నారు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా కూడా నిజాం షా కుమార్తెను వివాహమాడాడు. చాంద్ బీబీ అప్పటికి పదునాలుగేండ్ల ప్రాయంలో ఉన్నదని సాధారణంగా లెక్కిస్తారు. తరువాతి కాలంలో ఆమె 1580లో తొమ్మిదేండ్లకు సుల్తాను అయిన ఇబ్రహీం ఆదిల్ షాకు, ఆపై అహ్మద్‌నగర్‌లో పసివాడైన బహదూర్ షాకు సంరక్షకురాలిగా వ్యవహరించినది.

మహమ్మద్ కులీ కుతుబ్ షా ఏకైక కుమార్తె హయాత్ బక్షీ బేగంను ఆయన సోదరుని కుమారుడు సుల్తాన్ మహమ్మద్‌కు ఇచ్చారు. వారి కుమారుడు అబ్దుల్లా 1626లో పన్నెండేండ్ల ప్రాయంలో సుల్తాను కాగా తల్లి రాజ్య వ్యవహారాలు నడిపినది. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినపుడు సంధి మాటలాడినది కూడా ఆమెయే. ఆ సంధిలో భాగంగా అబ్దుల్లా కుమార్తెను ఔరంగజేబు పెద్ద కుమారుడు మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి పెండ్లి చేశారు. 1639లో పుట్టిన ఆ వరునికి అప్పటికి పదహారేండ్లు. హయాత్‌నగర్ ఈ బేగం పేరనే వెలసినది.

అసఫ్ జాహీలు, పైగా ప్రభువులు, కంచన్‌బాగ్

హైదరాబాదు పాతబస్తీకి ఆగ్నేయాన కంచన్‌బాగ్ ప్రాంతం కలదు. మిశ్ర ధాతు నిగమ్, రక్షణ పరిశోధనశాలలతో నేడు ప్రసిద్ధమైన ఈ ప్రాంతానికి చేరువలోని పీసల్ బండలో పైగా సమాధులు ఉన్నవి. సున్నపు గచ్చు నగిషీకి, పాలరాతి జాలీలకు పేరు పొందిన ఈ సమాధుల సముదాయం ఒక విధంగా రాజకీయ వివాహాల చరిత్ర. నిజాం తరువాత స్థానంలో ఉండిన పైగా కుటుంబానికి ఆ హోదా సైనిక సేవతో పాటు వియ్యం వలన కూడా నిలిచినది. రెండవ షమ్స్-ఉల్-ఉమ్రా ఫక్రుద్దీన్ ఖాన్ నిజాం అలీఖాన్ కుమార్తెను వివాహమాడాడు. తరువాతి తరాలలో ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికార్-ఉల్-ఉమ్రా ముగ్గురూ ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కుమార్తెలను వివాహమాడారు. వీరిలో ఆస్మాన్ జా, వికార్-ఉల్-ఉమ్రాలు హైదరాబాదు ప్రధానమంత్రులు కూడా అయ్యారు. ఈ ప్రభువులు, వారి బేగములు ఇక్కడనే సమాధి చేయబడ్డారు.

వయస్సు ప్రశ్న కూడా ఈ కుటుంబంతో ముడిపడి ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1866 ఆగస్టులో జన్మించి 1869 ఫిబ్రవరిలో, రెండున్నర ఏండ్ల వయస్సులో, గద్దెనెక్కాడు. మొదటి సాలార్ జంగ్‌తో పాటు పైగా ప్రభువు రఫీయుద్దీన్ ఖాన్, 1877 తరువాత రషీదుద్దీన్ ఖాన్ సహ సంరక్షకులుగా వ్యవహరించారు. 1884 ఫిబ్రవరిలో వైస్రాయి రిప్పన్ హైదరాబాదు వచ్చి నిజాముకు పూర్ణాధికారాలు అప్పగించాడు. అప్పటికి ఆయనకు పదునేడున్నర ఏండ్లు. ఒక రాజు ఎప్పుడు పెద్దవాడగునో నిర్ణయించే అధికారం తల్లి చేతి నుండి, ఆస్థానం చేతి నుండి వలస ప్రభుత్వం చేతికి పోయినదనడానికి ఈ సందర్భం నిదర్శనం.

నీస్ నగరపు వివాహాలు, 1931

1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇద్దరు కుమారుల వివాహాలు జరిగాయి. పదవి కోల్పోయి ప్రవాసంలో ఉన్న చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రు షెహవార్‌ను ఆజం జాకు, ఒట్టోమాన్ వంశానికే చెందిన నీలూఫర్‌ను మొజ్జం జాకు ఇచ్చి వివాహం చేశారు. ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు షౌకత్ అలీ ఈ సంబంధాలకు మధ్యవర్తిగా ఉన్నాడు. నిజాం అప్పటికే ఖలీఫాకు నెలసరి భరణం పంపుచుండెను. ధనిక రాజ్యానికి ఖలీఫా వంశ గౌరవం, ఆశ్రయం కోల్పోయిన వంశానికి ఆధారం లభించాయి. ఖలీఫా హోదా హైదరాబాదుకు సంక్రమిస్తుందేమోనని ఆంగ్ల ప్రభుత్వం శంకించినది.

దుర్రు షెహవార్ 1914 జనవరిలో, నీలూఫర్ 1916 జనవరిలో జన్మించారు. కనుక వివాహ దినాన వారికి వరుసగా 17, 15 ఏండ్లు. వరులిద్దరూ ఇరువది మూడు, ఇరువది నాలుగేండ్లవారు. అంతకు ముందు సంవత్సరమే, అనగా 1930 ఏప్రిల్ 1న, బ్రిటిషు భారతంలో శారదా చట్టం అమలులోకి వచ్చి వధువు కనీస వయస్సును 14 ఏండ్లుగా నిర్ణయించింది. సంస్థానాలకు ఆ చట్టం వర్తించలేదు. అయినను వధువులిద్దరూ ఆ హద్దును దాటినవారే. నీలూఫర్ వివాహం 1952లో విడాకులతో ముగిసినది. ఆమె పేరనున్న ప్రసూతి, శిశు వైద్యశాల నేటికీ నగరంలో పనిచేస్తున్నది. పాతబస్తీలోని పురానీ హవేలీ వద్ద దుర్రు షెహవార్ పేర వైద్యశాల కలదు. ఈ ఇద్దరి గురించి వచ్చిన జనప్రియ రచనలు వారి సౌందర్యాన్ని, ఆభరణాలను వర్ణించినంతగా వారి వయస్సును, భాష తెలియని దేశానికి వచ్చిన వారి ఒంటరితనాన్ని పట్టించుకోలేదు.

తెలుగు చారిత్రక కల్పన

ఆరంభ దశ

1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి నవలల పోటీలను నిర్వహించి చారిత్రక నవలకు ఊతమిచ్చినది. ఇదే కాలంలో తెలుగు దేశంలో బాల్య వివాహాలపై తీవ్ర చర్చ నడుచుచుండెను. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించాడు. 1891 నాటి చట్టం సమ్మతి వయస్సును 10 నుండి 12 ఏండ్లకు పెంచినది. గురజాడ అప్పారావు "కన్యాశుల్కం" 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయినది. విశాఖపట్నం జిల్లాలో మూడేండ్లలో నమోదైన 1,034 శుల్క వివాహాలలో 99 మంది వధువులు ఐదేండ్లవారని, ముగ్గురు ఏడాది పసికందులని గురజాడ ఆ గ్రంథపు పీఠికలో తెలిపాడు.

చారిత్రక నవలా రచయితలలో ఎక్కువమంది ఈ చర్చలను ఎరిగినవారే. కాని వారి రచనలలోని రాకుమార్తెలు బాలవధువులు కారు. వారు చదువుకొన్నవారు, గుర్రపు స్వారీ చేయువారు, వరుని తామే ఎంచుకొనువారు. స్వయంవర సంప్రదాయాన్ని, కావ్య నాయికను ఆదర్శంగా తీసుకొని "పూర్వం మన స్త్రీలు ఈడు వచ్చిన తరువాతనే వివాహమాడేవారు" అన్న వాదానికి ఈ నవలలు బలం చేకూర్చినవి. ఇది సంస్కరణకు తోడ్పడినను చరిత్రను కొంత సవరించినది.

పల్నాటి కథ

పల్నాటి వీరుల కథాచక్రం నవల కంటె ఎంతో ప్రాచీనమైనది. నలగామరాజు కుమార్తెను ఎదిరి పక్షపు అలరాజుకు ఇచ్చినను ఆ వియ్యం యుద్ధాన్ని ఆపలేకపోయినది. రాయబారానికి వెళ్ళిన అల్లుడు చంపబడ్డాడు. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు యుద్ధానికి పోవుటకు ముందు భార్య మాంచాలను కలిసే ఘట్టంలో పెండ్లికి, కాపురానికి మధ్యనున్న దూరం స్పష్టంగా కనిపిస్తుంది. పెండ్లి జరిగినను సంసారం మొదలు కాలేదు. మాంచాల అతనిని యుద్ధానికి పంపుతుంది. బాలుడు పెద్దవాడగుట ఇక్కడ శయ్యాగృహంలో కాక రణరంగంలో జరుగుతుంది.

అడివి బాపిరాజు

అడివి బాపిరాజు (1895-1952) హైదరాబాదులో "మీజాన్" దినపత్రికకు సంపాదకునిగా పనిచేశాడు. ఆయన "గోన గన్నారెడ్డి" నవలలో అన్నాంబిక వివాహం సామంత ప్రభువుల కూటమికి సాధనం. గన్నారెడ్డి ఆ పెండ్లిని భగ్నం చేస్తాడు. పెండ్లి ఆగిపోవడం ఒక కన్య విముక్తిగా, అదే సమయంలో రుద్రమదేవిపై జరుగుచున్న కుట్రకు దెబ్బగా చిత్రింపబడినది. శాతవాహన కాలపు "హిమబిందు"లో వర్తకుడు చారుగుప్తుడు తన కుమార్తెను రాజవంశానికి ఇవ్వదలచగా ఆమె శిల్పి కుమారుడు సువర్ణశ్రీని ప్రేమిస్తుంది. బాపిరాజు పద్ధతిలో రాజకీయ వివాహం సాధారణంగా విఘ్నం. ప్రేమ వివాహమే గమ్యం. ఆయన నాయికలు యౌవనవతులే కాని బాలికలు కారు.

విశ్వనాథ సత్యనారాయణ

"ఏకవీర"కు మధుర నాయక రాజుల కాలం నేపథ్యం. మిత్రులైన కుట్టాన్ సేతుపతి, వీరభూపతులు ఒకరు ప్రేమించిన స్త్రీని మరొకరు తెలియక వివాహమాడుతారు. సేతుపతి తన కులగౌరవం, తండ్రి ఆజ్ఞ కారణంగా ఏకవీరను పెండ్లాడవలసి వస్తుంది. ఇందులో వివాహాన్ని ధిక్కరించి బయటపడే మార్గం లేదు. పెద్దలు కుదిర్చిన సంబంధం ధర్మమై నిలుస్తుంది, దానిలో మనుష్యులు నలిగిపోతారు. 1969లో ఇది సి.ఎస్.రావు దర్శకత్వంలో చలనచిత్రంగా వచ్చినది. బాపిరాజు పెండ్లిని భగ్నం చేసి సమస్యను తీర్చగా, విశ్వనాథ పెండ్లి జరిగిన తరువాతి కాలాన్ని కథగా చేశాడు.

తెన్నేటి సూరి

తెన్నేటి సూరి "చెంఘిజ్ ఖాన్" తెలుగు దేశానికి బయటి చరిత్రను తీసుకొన్న నవల. మంగోలుల రహస్య చరిత్ర ప్రకారం తెమూజిన్‌కు తొమ్మిదవ ఏట పదేండ్ల బోర్తెతో సంబంధం కుదిరినది. తండ్రి అతనిని వధువు ఇంట విడిచి వచ్చుచు మార్గమధ్యంలో శత్రువుల విషప్రయోగానికి గురై మరణించాడు. నిశ్చితార్థం, వివాహం వేర్వేరు కాలాలలో జరగడం ఈ చరిత్రలోనే ఉన్నది.

చలనచిత్రాలు

బి.ఎన్.రెడ్డి "మల్లీశ్వరి" (1951)లో పల్లెటూరి యువతి రాయల అంతఃపురానికి చేరుతుంది. పెండ్లి కాకపోయినను, ఒక ఆడపిల్ల జీవితాన్ని ఆమెను అడుగకయే రాజాస్థానానికి అప్పగించడం అన్న సమస్య అందులోనిదే. గుణశేఖర్ "రుద్రమదేవి" (2015)లో రాకుమారుని వేషంలో పెరిగిన రుద్రమకు ముక్తాంబతో వివాహం జరుగుతుంది. వారసుడు పురుషుడేనని లోకాన్ని నమ్మించుటకు పెండ్లి సాక్ష్యంగా మారుతుంది. శాసనాలలో రుద్రమను పురుష నామంతో "రుద్రదేవ మహారాజు" అని వ్యవహరించడం ఇట్టి కల్పనలకు మూలం.

భాగమతి కథ, వయస్సు లెక్క

మహమ్మద్ కులీ రాకుమారునిగా ఉన్నపుడు భాగమతిని కలియుటకు వరదలో మూసీ దాటాడని, అది తెలిసి తండ్రి వంతెన కట్టించాడని ప్రసిద్ధమైన కథ. నవలలకు, నాటకాలకు, సంగీత రూపకాలకు ఇది ప్రియమైన వస్తువు. పురానా పూల్ నిర్మాణం 1578 నాటిది. కులీ 1565-66 ప్రాంతంలో జన్మించాడు. అనగా వంతెన పూర్తియగునాటికి ఆయనకు పన్నెండు, పదమూడేండ్లు. కథలోని మూసీ దాటిన సంఘటన అంతకంటె ముందు జరిగి ఉండవలెను. చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వానీ భాగమతి ఉనికినే ప్రశ్నించాడు. కల్పనా రచయితలు సాధారణంగా నాయకుని వయస్సు చెప్పకుండుట ద్వారా ఈ చిక్కును దాటివేశారు.

హైదరాబాదు నేపథ్యంగా ఇతర భాషల రచనలు

ఫిలిప్ మెడోస్ టేలర్ నిజాం కొలువులో పనిచేసిన ఆంగ్లేయుడు. మైనరైన సురపురం రాజు తరఫున సంస్థాన వ్యవహారాలు నిర్వహించి 1853లో రాజుకు అధికారం అప్పగించాడు. ఆ యువరాజు 1857-58 తిరుగుబాటులో చేరి పట్టుబడి, కొద్ది కాలానికే మరణించాడు. టేలర్ చాంద్ బీబీపై వ్రాసిన "ఎ నోబుల్ క్వీన్" 1878లో వెలువడినది. సంరక్షకునిగా పనిచేసిన రచయిత ఒక సంరక్షకురాలిని నాయికగా ఎంచుకొన్నాడు. ఆయన ఆమె బాల్య వివాహాన్ని కాక కోట బురుజుపై నిలిచిన వయోజన జీవితాన్ని వర్ణించాడు. తెలుగు, మరాఠీ, ఉర్దూ రచయితలలో అధికులు ఇదే దారిని అనుసరించారు.

జీనత్ ఫతేఅలీ ఆంగ్ల నవల "జొహరా" (1951), జీలానీ బానో ఉర్దూ నవల "ఐవాన్-ఎ-గజల్" హైదరాబాదు ప్రభు కుటుంబాల స్త్రీల జీవితాన్ని లోపలి నుండి చూపినవి. వీటిలో వంశ ప్రయోజనం కొరకు జరిగే పెండ్లి దేవిడీ గోడల నడుమ జరిగే దైనందిన వ్యవహారం. విలియం డాల్‌రింపుల్ "వైట్ మొఘల్స్" (2002) నవల కాదు, చరిత్ర. 1798 నుండి 1805 వరకు హైదరాబాదు రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల వివాహం ఇందులోని విషయం. పరిచయం నాటికి ఆమె పదునాలుగేండ్ల ప్రాయంలో ఉన్నదన్న విషయాన్ని గ్రంథం దాచలేదు. దీనిని ప్రేమకథగా మాత్రమే తలచినవారు ఈ వయస్సును, ఆమె కుటుంబ రాజకీయ ప్రయోజనాలను విస్మరించారు.

రచయితలు అనుసరించిన పద్ధతులు

పై రచనలను పరిశీలించినచో ఈ క్రింది పద్ధతులు కనిపిస్తాయి.

* వయస్సును చెప్పకుండుట: "నవయౌవన", "ప్రాయపు" వంటి విశేషణాలు వాడి అంకెను వదలివేయుట. ఇది అత్యధికులు అనుసరించిన మార్గం.
* వయస్సును పెంచుట: చారిత్రకంగా పన్నెండు, పదునాలుగేండ్ల వధువును పద్దెనిమిది, ఇరువది ఏండ్ల యువతిగా చూపుట. చలనచిత్రాలలో నటీనటుల వలన ఇది తప్పనిసరి అయినది.
* సంధిని ప్రేమగా మార్చుట: శత్రు రాకుమారుని చిత్రపటం చూచి, లేదా మారువేషంలో కలిసి ప్రేమించినట్లు కల్పించుట.
* వివాహాన్ని భగ్నం చేయుట: అపహరణ, యుద్ధం, రహస్య మార్గం ద్వారా నాయికను విడిపించుట.
* విరామాన్ని చూపుట: పెండ్లికి, కాపురానికి మధ్య కాలాన్ని కథలో భాగం చేయుట.
* అధికార దశను ఎంచుకొనుట: బాల్యాన్ని క్లుప్తంగా దాటి, రాజమాత లేదా సంరక్షకురాలైన నాటి నుండి కథ నడుపుట.

ఇతర దేశాలలో

ఈ చిక్కు తెలుగు రచయితలది మాత్రమే కాదు. షేక్స్‌పియర్ నాటకంలో జూలియట్‌కు ఇంకా పదునాలుగేండ్లు నిండలేదు. ఆయనకు ఆధారమైన ఆర్థర్ బ్రూక్ కావ్యంలో ఆమెకు పదహారేండ్లు. అనగా షేక్స్‌పియర్ వయస్సును తగ్గించాడు. ఇంగ్లండు రాజు ఏడవ హెన్రీ తల్లి మార్గరెట్ బోఫోర్ట్ పన్నెండవ ఏట పెండ్లాడి, 1457లో పదమూడవ ఏట తల్లి అయినది. ఆ కాన్పు ఆమెకు ప్రాణాంతకమైనంత పని అయినది. ఆమెకు మరల సంతానం కలుగలేదు. ఫిలిపా గ్రెగరీ "ది రెడ్ క్వీన్" (2010) నవలలో ఈ వివాహాన్ని, కాన్పును ఆ బాలిక మాటలలోనే చెప్పించినది. అదే కాలంలో పశ్చిమ ఐరోపాలోని సామాన్యులు సాధారణంగా ఇరువది ఏండ్లు దాటిన పిమ్మట వివాహమాడేవారు. రాజవంశాల వయస్సులను దేశం మొత్తానికి వర్తింపజేయరాదని ఇది తెలుపుతుంది.

విమర్శ, చర్చ

ఈ విషయమై రెండు భిన్న దృక్పథాలు కలవు. మొదటిది: నేటి విలువలతో పూర్వకాలాన్ని కొలువరాదు, ఆనాటి పాత్రలు తమ పెండ్లిని అన్యాయంగా భావించి ఉండకపోవచ్చును, కనుక రచయిత కాలానికి తగినట్లు వ్రాయవలెను. రెండవది: ఆచారం అంగీకరించినంత మాత్రాన బాలిక శరీరానికి, మనస్సుకు కలిగిన బాధ లేకపోలేదు. చిన్న వయస్సు కాన్పులలో మరణాలు నాడు కూడా అందరికీ తెలిసినవే. ధర్మశాస్త్రాలు, హనఫీ న్యాయం పెండ్లికి, కాపురానికి భేదం చూపడమే పూర్వులు కూడా బాల్యాన్ని వేరుగా గుర్తించారనడానికి నిదర్శనం.

వయస్సును పెంచి చూపుట వలన పాఠకునికి ఇబ్బంది తొలగుతుంది. కాని బాలవధువులు చరిత్ర నుండి అదృశ్యమవుతారు. వయస్సును ఉన్నదున్నట్లు చెప్పి శృంగార వర్ణన చేయుట మరింత దోషం. విరామాన్ని చూపే పద్ధతిలో ఈ రెండు దోషాలూ లేవు. తెలుగు చారిత్రక నవలలో దీనికి దక్కిన స్థానం స్వల్పం.

ఈ చర్చకు సాహిత్యానికి వెలుపల కూడా ప్రాధాన్యం ఉన్నది. శారదా చట్టం నిర్ణయించిన వధువు వయస్సు 1949లో 15కు, 1978లో 18కి పెరిగినది. వరుని వయస్సు 21 అయినది. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం పాత చట్టం స్థానంలో వచ్చినది. తెలుగు రాష్ట్రాలలో బాల్య వివాహాలు తగ్గినను పూర్తిగా అంతరించలేదు. "రాణులే ఆ వయస్సులో పెండ్లాడారు" అన్న సమర్థన వినిపించినపుడు, ఆ రాణులను పెండ్లికి ఎవరు, ఏ కోటకు బదులుగా ఇచ్చారన్నది కూడా చరిత్రలోనే ఉన్నది. చాంద్ బీబీతో పాటు షోలాపూరు చేతులు మారినది.

ఇవి కూడా చూడండి

* రుద్రమదేవి
* హయాత్ బక్షీ బేగం
* చాంద్ బీబీ
* పైగా సమాధులు
* కంచన్‌బాగ్
* దుర్రు షెహవార్
* నీలూఫర్
* తెలుగు చారిత్రక నవల
* శారదా చట్టం
* కన్యాశుల్కం

వర్గాలు: తెలుగు సాహిత్యం, చారిత్రక నవలలు, హైదరాబాదు చరిత్ర, వివాహ వ్యవస్థ